విదేశాంగ మంత్రిత్వ శాఖలో ఇంటర్న్‌షిప్: దరఖాస్తు విధానం

దౌత్య వ్యవహారాలు ఆఫీసులో ఎలా నడుస్తాయో దగ్గరుండి చూడాలంటే విదేశాంగ మంత్రిత్వ శాఖ ఇంటర్న్‌షిప్‌ను మించిన దారి మన విద్యార్థులకు లేదు. మన జిల్లాల నుంచి ఇంకా చాలామంది దీనికి పోటీ పడాలని నా కోరిక.

భారత పౌరులై, గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తిచేసి ఉండాలి. కోర్సులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయితే డిగ్రీ చివరి సంవత్సరం వాళ్లూ అర్హులే. వయసు ఇంటర్న్‌షిప్ చేసే ఏడాది డిసెంబర్ 31 నాటికి 25 దాటకూడదు. పని కనీసం ఒక నెల, గరిష్ఠంగా 3 నెలలు ఉంటుంది. నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనంతో పాటు, సొంత రాష్ట్రం నుంచి లేదా చదివే ఊరి నుంచి ఢిల్లీకి రానుపోను ఎకానమీ విమాన చార్జీ ఇస్తారు. వసతి మాత్రం మీరే చూసుకోవాలి. ఢిల్లీ అద్దెలకు ఆ డబ్బు చాలదు కాబట్టి ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

దరఖాస్తు పూర్తిగా ఆన్‌లైన్‌లోనే. నోటిఫికేషన్ వచ్చాక మంత్రిత్వ శాఖ ఇంటర్న్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టరై వివరాలు నింపాలి. ఇంటర్, డిగ్రీ మార్కుల జాబితాలు, వర్తిస్తే కుల లేదా ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రం ముందుగానే సిద్ధం చేసుకోండి. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే అన్నిచోట్లా ఉన్నాయో లేదో సరిచూసుకోండి. మీసేవ పత్రాలకు రోజులు పడుతుంది, గడువు దగ్గరపడ్డాక పరుగెత్తితే అందవు.

ఎంపిక రెండు దశల్లో జరుగుతుంది: ముందు వడపోత, తర్వాత ఇంటర్వ్యూ. మహిళలకు 30 శాతం అవకాశాలు కేటాయించారు. ఆస్పిరేషనల్ జిల్లాల, అంటే అభివృద్ధిలో వెనకబడ్డాయని కేంద్రం గుర్తించిన జిల్లాల అభ్యర్థులకు ప్రాధాన్యం ఉంది. కడప, ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం ఆ జాబితాలోవే. అక్కడి పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి!

ఇంటర్వ్యూకు సిద్ధమవడానికి కోచింగ్ అక్కర్లేదు. మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లోనే ఒక్కో దేశంతో మన సంబంధాలపై సంక్షిప్త పత్రాలు, పార్లమెంటు ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు ఉన్నాయి. ఒక దేశాన్ని ఎంచుకుని, ఆ దేశం, మన దేశం కలిసి రెండు వేర్వేరు సంవత్సరాల్లో వెలువరించిన సంయుక్త ప్రకటనలను పక్కపక్కన పెట్టి చదవండి. ఏ వాక్యం కొత్తగా చేరింది, ఏది మాయమైంది, ఎందుకై ఉంటుంది అని ఒకే పేజీలో రాయండి. తర్వాత దాన్ని సగానికి కుదించండి. అధికారులు రోజూ చేసే పనిలో పెద్ద భాగం ఇదే. నిజామాబాద్, కరీంనగర్, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కార్మికుల కష్టాలు మీకు తెలిసి ఉంటే, కువైట్ లేదా యూఏఈతో మొదలుపెట్టండి. ఊళ్లో విన్నది అంకెలతో, ఒప్పందాలతో కలిపి చెప్పగలిగితే మీ మాటకు బరువు వస్తుంది.

ఎంపికైనవాళ్లు ఒక విభాగాధిపతి కింద పనిచేస్తారు. పరిశోధన, నివేదికల రచన, పరిణామాల విశ్లేషణ వంటివి అప్పగిస్తారు. చివర్లో చేసిన పనిపై నివేదిక ఇవ్వాలి, ఆ తర్వాతే సర్టిఫికెట్. దీనితో ఉద్యోగ హామీ ఏదీ రాదు, విదేశాంగ సర్వీసుకు సివిల్స్ రాయాల్సిందే. అక్కడ చూసిన పత్రాల గురించి బయట మాట్లాడకూడదు. అనుమతి లేకుండా ఏదీ ప్రచురించకూడదు, సోషల్ మీడియాలో కూడా.