కూల్ అన్న పేరును వ్యాపారానికి పనికొచ్చేలా చేసుకోవడం ఎలా

ఫోన్లు, ఇయర్‌ఫోన్లు, స్మార్ట్ వాచీలు తయారుచేసే ప్రతి సంస్థా తన ఉత్పత్తి కూల్‌గా ఉందని జనం అనుకోవాలని ఆశపడుతుంది గాని, ఆ పేరు వచ్చాక తన జమాఖర్చుల్లో ఏ అంకె మారాలో ముందుగా రాసిపెట్టుకునే సంస్థలు తక్కువ. మొదట చేయవలసిన పని అదే. జనం మోజుపడిన వస్తువుకు పోటీదారు సరుకు కంటే ఎక్కువ ధర పలకాలి. తగ్గింపులు ప్రకటించకపోయినా అమ్మకాలు సాగాలి. కొన్నవారే నలుగురికీ చూపిస్తారు కాబట్టి ఒక్కొక్క కొత్త కొనుగోలుదారును రాబట్టడానికి అయ్యే ప్రకటనల ఖర్చు తగ్గాలి. జీతం కాస్త తక్కువైనా మంచి ఇంజినీర్లు, డిజైనర్లు మీ దగ్గర చేరడానికి ముందుకు రావాలి. వీటిలో ఏదీ మారలేదంటే మీకు దక్కింది పొగడ్త మాత్రమే. దాన్ని నమ్ముకుని ఫ్యాక్టరీకి పెద్ద ఆర్డరు ఇవ్వకూడదు. పేరుకు నిజంగా విలువ కట్టిన సందర్భాలూ ఉన్నాయి. బాస్ (మంద్ర ధ్వని) మరీ ఎక్కువని ధ్వని నిపుణులు పెదవి విరిచిన హెడ్‌ఫోన్లు అమ్మే బీట్స్ సంస్థను, దాని పాటల సేవతో కలిపి, ఆపిల్ 2014లో 300 కోట్ల డాలర్లకు కొన్నది.

రెండవది, వస్తువు వాడుకలో ఉన్నప్పుడు పక్కవారి కంటపడే గుర్తు ఒకటి ఉండేలా డిజైన్ చేయించాలి. 2001 అక్టోబరులో 399 డాలర్ల ధరతో వచ్చిన ఆపిల్ పాటల పరికరం ఐపాడ్ రోజంతా జేబులోనే ఉండేది. బయటికి కనిపించేవి చెవుల నుంచి వేలాడే తెల్లని తీగలే. ఇయర్‌ఫోన్లు ఎక్కువగా నల్లగా ఉండే ఆ రోజుల్లో ఎదురుగా వస్తున్న మనిషి జేబులో ఏముందో ఆ తీగలను బట్టే తెలిసిపోయేది. 2003లో మొదలైన ప్రకటనలు సరిగ్గా ఆ గుర్తునే పట్టుకున్నాయి: కళ్లు చెదిరే ప్రకాశవంతమైన రంగు నేపథ్యం మీద నాట్యం చేసే నల్లని నీడ, అందులో తెల్లగా మెరిసేవి ఆ తీగలు, చేతిలోని ఐపాడ్ మాత్రమే. 2022లో నథింగ్ సంస్థ తన తొలి ఫోను వెనుక భాగాన్ని పారదర్శకంగా చేసి దీపాలు అమర్చింది. బల్ల మీద బోర్లా పెట్టినా అది ఏ సంస్థ ఫోనో ఇట్టే తెలిసిపోతుంది. గుర్తు ఒక్కటి చాలు. మూడు నాలుగు పెడితే ఏదీ గుర్తుండదు.

ముఖానికో ఒంటికో తగిలించుకునే పరికరమైతే దాన్ని పరీక్షించే పద్ధతినే మార్చాలి. చాలా సంస్థలు ధరించినవారిని ప్రశ్నించి సంతృప్తి పడతాయి. అసలు ప్రశ్నించవలసింది ఎదుట కూర్చున్నవారిని. 2013లో 1,500 డాలర్లకు తొలి వినియోగదారుల చేతికి వచ్చిన, కళ్లద్దాల్లా ధరించే గూగుల్ గ్లాస్ సాంకేతికంగా ఎంతో ముందున్నా, కంటి పక్కన కెమెరా ఉన్న మనిషితో మాట్లాడేవారికి తమను రికార్డు చేస్తున్నారేమోనన్న అనుమానం వెంటాడేది. కొన్ని బార్లు, రెస్టారెంట్లు దాన్ని లోపలికి రానివ్వలేదు. ధరించేవారికి వెక్కిరింపు పేరు కూడా వచ్చింది. 2015 జనవరిలో ఆ విడత అమ్మకాలు ఆగిపోయాయి. తర్వాత ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా, కళ్లద్దాల బ్రాండ్ రేబాన్‌తో కలిసి చేసిన కళ్లద్దాలు అందరికీ అలవాటైన ఫ్రేములో వచ్చాయి, రికార్డింగ్ జరిగేటప్పుడు వాటిలో చిన్న దీపం వెలుగుతుంది. కాబట్టి నమూనా సిద్ధం కాగానే దాన్ని ఒకరికి తొడిగి, ఏమీ తెలియని మరొకరిని ఎదుట కూర్చోబెట్టి, పది నిమిషాల సంభాషణ తర్వాత ఆ రెండోవారికి ఎలా అనిపించిందో అడగాలి. ఆ జవాబు ఇబ్బందికరంగా ఉంటే ఎంత ప్రచారం చేసినా డబ్బు దండగ.

కొరతను వాడుకోవడంలో చేతులు కాల్చుకున్నవారు ఎక్కువ. 2004లో జీమెయిల్ ఆహ్వానం ఉన్నవారికే దొరికేది. సర్వర్ల సామర్థ్యం పరిమితం కావడం అందుకు నిజమైన కారణం, లోపలికి వెళ్లినవారికి దక్కిన ఒక గిగాబైట్ స్థలం నిజమైన ప్రతిఫలం. ఈ రెండూ లేని కొరత నాటకమని జనం త్వరగానే పసిగడతారు. అంతకంటే పెద్ద ప్రమాదం, క్యూను చూసి గిరాకీ అనుకోవడం. 2016లో స్నాప్‌చాట్ యాప్ నడిపే స్నాప్ సంస్థ, కెమెరా ఉన్న తన స్పెక్టకిల్స్ కళ్లద్దాలను ఎక్కడ ప్రత్యక్షమవుతాయో తెలియని పసుపుపచ్చ యంత్రాల ద్వారా అమ్మింది. జనం బారులు తీరారు. ఆ ఉత్సాహం సాధారణ అమ్మకాల్లోకి రాలేదు, 2017లో మిగిలిపోయిన సరుకు, రద్దయిన ఆర్డర్ల కింద దాదాపు 4 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకోవలసి వచ్చింది. అందుచేత రెండవ విడత ఆర్డరును క్యూ పొడవును బట్టి కాక, మొదటి విడతలో కొన్నవారిలో నెల తర్వాత కూడా రోజూ వాడుతున్నవారు ఎందరన్న లెక్కను బట్టి నిర్ణయించాలి.

ఇక వచ్చిన పేరును ఎలా ఖర్చు చేయాలన్నదే, నా దృష్టిలో, అన్నిటికంటే కష్టమైన విషయం. 2004లో ఖరీదైన, పలచని ఫోనుగా వచ్చిన మోటొరోలా రేజర్‌ను సంస్థ తర్వాత ధర తగ్గిస్తూ, రంగులు మారుస్తూ పోయింది. మొత్తం 13 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి గాని, దాని స్థానంలో జనం మోజుపడే మరో ఫోను సమయానికి రాలేదు, 2007లో ఆ సంస్థ ఫోన్ల విభాగం నష్టాల్లో పడింది. అదే కాలంలో ఆపిల్ బాగా అమ్ముడవుతున్న ఐపాడ్ మినీని 2005 సెప్టెంబరులో తానే ఆపేసి నానోను తెచ్చింది. అంతేకాక 2003లోనే పాటల దుకాణం తెరిచినందువల్ల, పరికరం మీద మోజు తగ్గినా కొన్న పాటలు వినియోగదారులను ఆ సంస్థ దగ్గరే నిలిపాయి. మీ ఉత్పత్తి పేరు మారుమోగుతున్న నెలల్లోనే ఇలాంటి బంధం ఒకటి ఏర్పరచుకోవాలి: అది చందా సేవ కావచ్చు, కలిసి పనిచేసే మరో పరికరం కావచ్చు, యాక్సెసరీలు కావచ్చు. అదే సమయంలో తర్వాతి నమూనాకు డబ్బు కేటాయించాలి. అమ్మకాలు పడిపోయాక కేటాయిస్తే అది చేతికొచ్చేసరికి ఏడాది దాటుతుంది.

పేరు తరుగుతున్న సంగతి అమ్మకాల అంకెల్లో ఆలస్యంగా తెలుస్తుంది. దానికంటే ముందు కదిలేది సెకండ్ హ్యాండ్ ధర కాబట్టి, దాన్ని నెలనెలా పోటీదారుల ధరలతో పక్కపక్కన పెట్టి రాసుకోవాలి. మొట్టమొదట కొన్నవారు కొత్త నమూనాకు మారడం మానేసినా, తగ్గింపు ఇవ్వనిదే సరుకు కదలదని రిటైలర్లు చెప్పడం మొదలుపెట్టినా, ఆ నెలలోనే ఉత్పత్తి తగ్గించి నిల్వలు పేరుకోకుండా చూసుకోవాలి.