కాలిఫోర్నియాలో వేటమాంసం, సీసపు తూటాలు: ఓరుగల్లు వైపు నుంచి కొత్తగా వచ్చినవారికి

వరంగల్, ములుగు, ఆదిలాబాద్ వైపుల నుంచి వచ్చినవారికి వేట అనగానే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, అటవీశాఖ కేసులు గుర్తుకు రావడం సహజం. ఇక్కడ మాత్రం లైసెన్సు, ట్యాగు (వేటాడిన జింకకు కట్టే అనుమతి చీటీ) తీసుకొని, అనుమతించిన కాలంలో జింకను వేటాడటం చట్టబద్ధమే. వేటమాంసాన్ని అమ్మకూడదు కనుక అది సహోద్యోగి చేతి కానుకగానే మన ఇంటికి చేరుతుంది. అప్పుడు ఏ తూటాతో కొట్టారో, ఏ రాష్ట్రంలో కొట్టారో అడగండి. ఇందులో అమర్యాద ఏమీ లేదు.

సీసపు తూటా ఎముకకు తగలగానే కంటికి ఆనని తునకలుగా చిట్లి, గాయానికి చాలా దూరం వరకు మాంసంలోకి చొచ్చుకుపోతుంది. 2008లో నార్త్ డకోటాలో పేదలకు పంచేందుకు వేటగాళ్లు ఇచ్చిన జింక మాంసంలో ఇలాంటి తునకలు బయటపడ్డాయి. గాయం చుట్టూ కోసి పారేసినా కొంత మిగులుతుంది, కీమా కొట్టిస్తే అది అంతటా కలుస్తుంది. ఎంత ఉడికించినా సీసం పోదు. పైగా మనం వేసే చింతపండు, నిమ్మరసం వంటి పులుపు దానిని మరింత కరిగిస్తుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఆ మాంసం పెట్టకపోవడమే మంచిది.

నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లను అమెరికా అంతటా 1991లోనే నిషేధించారు. ఆ తరువాత మిసిసిపీ మార్గంలో వలస వచ్చే మల్లార్డ్ బాతుల్లో సీసపు విషం వల్ల కలిగే మరణాలు 64 శాతం తగ్గాయని పరిశోధకులు అంచనా వేశారు. కాలిఫోర్నియా 2008లో కాండోర్ రాబందులు తిరిగే ప్రాంతాలలోను, 2019 జులై 1 నుంచి రాష్ట్రమంతటా అన్ని రకాల వేటలోను సీసాన్ని నిషేధించింది. తొలి నిషేధం తరువాత బంగారు గద్దల రక్తంలో సీసం తగ్గింది. 1982లో 22కు పడిపోయిన కాండోర్లు, బంధించి పెంచి వదిలిన కృషి వల్ల, నేడు 500 దాటాయి. అయినా వాటిని ఎక్కువగా చంపుతున్నది ఇప్పటికీ సీసమే. వేటగాడు అడవిలో వదిలిన పేగుల కుప్పలోని కొన్ని తునకలే ఒక పక్షికి చాలు. బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట రాబందులను చూసినవారికి ఈ దారి కొత్తగా తోచదు. మన దేశంలో 2006లో పశువైద్యానికి నిషేధించిన డైక్లోఫెనాక్ అనే, రాబందులను చంపే నొప్పి మందు కూడా కళేబరం ద్వారానే వాటి కడుపులోకి చేరింది. చట్టం ఒక్క రోజులో మారుతుంది కాని, నిషేధం లేని పొరుగు రాష్ట్రాల మందుగుండు, పాటించని కొందరి చేతులు అంత త్వరగా మారవు. అందుకే నెవాడాలో కొట్టిన జింక మాంసం విషయంలో ‘ఏ తూటాతో కొట్టారు’ అన్న నా మొదటి ప్రశ్న మరింత అవసరం.

మీకే వేటకు వెళ్లాలని ఉంటే ముందు వీసా సంగతి చూసుకోండి. హెచ్‌-1బీ వంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకి కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఒక మినహాయింపే అయినా, న్యాయవాదిని అడగకుండా అడుగు వేయవద్దు. జింకకు రాగి తూటాలు, బాతులకు ఉక్కు లేదా బిస్మత్ గుళ్లు వాడతారు. ఉక్కు తేలిక కనుక వేగం త్వరగా తగ్గుతుంది, దగ్గర నుంచే కాల్చాలి. పాత తుపాకి గొట్టాలకు అది సరిపడకపోవచ్చు.

దుకాణంలో సీసపు తూటాలు కనబడితే ఆశ్చర్యపోకండి. నిషేధం వేటకే గాని, గురి అభ్యాసానికి కాదు. అభ్యాస స్థలానికి సరదాగా వెళ్లివచ్చినా చేతులు సబ్బుతో కడుక్కొని, బట్టలు మార్చుకున్న తరువాతే పసిపిల్లలను ఎత్తుకోండి.