సియోల్ యువజనోత్సవానికి వెళ్తున్నారా? ముందు శనివారం రాత్రికి సిద్ధపడండి

2027 ఆగస్టు 3 నుంచి 8 వరకు దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ప్రపంచ యువజన దినోత్సవం, అంటే పోపుగారితో కలిసి కతోలిక యువత జరుపుకునే అంతర్జాతీయ ఉత్సవం. ఆనవాయితీ ప్రకారం మొదట ప్రారంభ దివ్యపూజ, తర్వాత పోపుగారి స్వాగతం, మధ్య రోజుల్లో సత్యోపదేశం (విశ్వాస బోధన), శుక్రవారం సిలువ మార్గం (క్రీస్తు శ్రమలను ధ్యానించే ప్రార్థన), శనివారం రాత్రి ఆరుబయట జాగరణ, ఆదివారం ఉదయం ముగింపు దివ్యపూజ ఉంటాయి. మొదటి నాలుగు రోజులూ ఎండ, అలసట తప్ప పెద్ద ప్రమాదం ఉండదు. అసలు ఇబ్బంది ఆ చివరి ఇరవై నాలుగు గంటల్లోనే. 2023లో ఇదే ఉత్సవం పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో జరిగినప్పుడు ముగింపు పూజకు దాదాపు 15 లక్షల మంది వచ్చారు. గుణదల తిరునాళ్లలో జనాన్ని చూసినవాళ్లమే కదా అనుకోవద్దు. గుణదలలో నాలుగడుగులు వేస్తే నీళ్ల ప్యాకెట్ దొరుకుతుంది, బస్సెక్కితే ఇంటికి పోవచ్చు. ఇక్కడ మీ సెక్టారులోకి (మైదానంలో మీకు కేటాయించిన భాగంలోకి) ఒకసారి వెళ్లాక బయటకు రావడమే కష్టం.

పాస్‌పోర్టు పని ఇప్పుడే మొదలుపెట్టండి. భారతీయులకు కొరియా వీసా తప్పనిసరి. మన పేర్ల దగ్గరే ఎక్కువ తంటా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, మేత్రాసనం (బిషప్ పరిధిలోని సంఘం) పంపిన జాబితాలో అసలు లేకుండా ఉంటుంది. రిజిస్ట్రేషన్, టికెట్, వీసా ఫారం మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే అదే వరుసలో ఉండాలి. ప్రయాణ తేదీ నాటికి పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోండి. 18 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం నోటరీ చేయించాలి. ‘యాత్రికుల వీసా మీద తీసుకెళ్లి అక్కడే పని చూపిస్తాం’ అనే ఏజెంటు కనిపిస్తే అక్కడితో మాట ఆపేయండి. మీ విచారణ (స్థానిక చర్చి) గురువుల ద్వారా, మేత్రాసన యువజన విభాగం ద్వారా వెళ్లే బృందంలోనే పేరు ఇవ్వండి.

కొరియాలో వానాకాలం మామూలుగా జులై చివరికి తగ్గుతుంది. ఆగస్టు మొదటి వారంలో వేడి 33–35 డిగ్రీల దాకా పోవచ్చు, దానికి తోడు విపరీతమైన ఉక్క. విజయవాడ మే ఎండలు చూసినవాళ్లకు ఇదో లెక్కా అనిపిస్తుంది. కానీ మేలో మధ్యాహ్నం మనం బయట తిరగం. అక్కడ మధ్యాహ్నమే సంచి వీపున వేసుకుని గంటల తరబడి నడవాలి. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. 2023 ఆగస్టులో కొరియాలోనే సేమాన్‌గమ్ తీరంలో జరిగిన ప్రపంచ స్కౌట్ జాంబోరీలో (స్కౌట్ పిల్లల అంతర్జాతీయ శిబిరంలో) వందల మంది పిల్లలు వడదెబ్బ లక్షణాలతో చికిత్స పొందారు. బ్రిటన్, అమెరికా బృందాలు మధ్యలోనే వెళ్లిపోయాయి. ఆఖరికి తుపాను వస్తోందని శిబిరం మొత్తాన్నీ ఖాళీ చేయించారు. మీ ఉత్సవం కూడా ఆ వారంలోనే.

నీళ్లొక్కటే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. మనిషికి రోజుకు రెండు చొప్పున డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు పెట్టుకోండి. సుమారు 21 గ్రాముల పెద్ద ప్యాకెట్ సరిగ్గా ఒక లీటరుకు, నాలుగు గ్రాముల చిల్లర చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు. పెద్ద ప్యాకెట్‌ను అరలీటరు సీసాలో గుమ్మరిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. సియోల్‌లో కుళాయి నీళ్లు తాగొచ్చు, కాబట్టి దారిలో కుళాయి కనిపించినప్పుడల్లా సీసా నింపుకోండి. ఎవరైనా తడబడుతూ మాట్లాడుతున్నా, పొంతన లేని జవాబులిస్తున్నా అది అలసట కాదు, వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు లేదా చల్లని సీసాలు ఆనించండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. అంబులెన్సుకు 119, పోలీసులకు 112.

నడక సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పది, పదిహేను కిలోమీటర్లు నడవాల్సిన రోజులు చాలానే ఉంటాయి. కొత్త బూట్లు పెట్టుకుని విమానం ఎక్కకండి. కనీసం ఆరు వారాల ముందు కొని, వారానికి మూడుసార్లు గంట చొప్పున, చివరి రెండు వారాలు ఆరు కిలోల సంచితో నడవండి. మడమ దగ్గర మంటగా అనిపించగానే ఆగి టేపు అంటించాలి, బొబ్బ వచ్చాక కాదు. బొబ్బ వస్తే చిదమకుండా శుభ్రం చేసి మెత్తని ప్లాస్టర్ వేయండి. కాలివేళ్ల మధ్య కాస్త వాజిలిన్ రాస్తే రాపిడి తగ్గుతుంది.

సామానులో అమ్మలు పెట్టే పచ్చళ్ల దగ్గర జాగ్రత్త. చికెన్, మటన్ పచ్చళ్లు, మాంసంతో చేసినవి ఏవీ కొరియాలోకి తీసుకెళ్లకూడదు. చెప్పకుండా తీసుకెళ్తే భారీ జరిమానా. మామిడి పళ్లు, కరివేపాకు కూడా ఇంట్లోనే వదిలేయండి. నూనె పచ్చడి చేతి సామానులో పెడితే మన విమానాశ్రయంలోనే తీసేస్తారు. కోడీన్ ఉన్న దగ్గు మందు, నొప్పికి వాడే ట్రామడాల్, నిద్ర మాత్రలు, ఆందోళనకు వాడే ఆల్ప్రజోలామ్ లాంటివి ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లొద్దు. మిగతా మందులు కూడా డాక్టరు రాసిన ఇంగ్లిష్ చీటీతో, స్ట్రిప్పుల్లోనే ఉంచండి. పవర్ బ్యాంకు చేతి సామానులోనే పెట్టాలి, దాని మీద సామర్థ్యం అంకె చెరిగిపోకుండా ఉండాలి, విమాన సంస్థ అనుమతి లేకుండా 100 వాట్ అవర్ దాటకూడదు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్ అవర్, అది చాలు. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో దూరదు, గుండ్రటి రెండు పిన్నుల అడాప్టర్ కొనుక్కోండి. దారికి గూగుల్ మ్యాప్స్‌నే నమ్ముకోకుండా కొరియా యాప్ నేవర్ మ్యాప్ కూడా దించుకోండి. బస చేసే పాఠశాల లేదా విచారణ చిరునామాను కొరియన్ లిపిలో రాయించి జేబులో ఉంచుకోండి.

ఇక శనివారం రాత్రి. సంచిలో ఉండాల్సినవి: రెండు లీటర్ల నీళ్లు, నేలపై పరిచేందుకు పాలిథీన్ పట్టా, పలచని నిద్ర సంచి (చెత్త కవర్లో చుట్టి), పోంచో (తల మీదుగా వేసుకునే వానకోటు), టోపీ, టార్చి, టిష్యూ, శానిటైజర్, పొడి సాక్సు, ఓఆర్‌ఎస్. గొడుగు వద్దు, వెనకవాళ్లకు అడ్డం, పైగా జనంలో కళ్లకు తగిలే ప్రమాదం. వాన మీద పందెం కాయొద్దు. 2011లో ఇదే ఉత్సవం స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో జరిగినప్పుడు క్వాత్రో వియెంతోస్ విమానాశ్రయ మైదానంలో జాగరణ వేళ గాలివాన వచ్చింది. 2013లో బ్రెజిల్‌లోని రియోలో జరిగినప్పుడు వానల వల్ల గ్వారాటీబా మైదానం బురదై, జాగరణను కొపకబానా బీచ్‌కు మార్చాల్సి వచ్చింది. ఉరుములు మొదలైతే జెండా కర్రలు ముందుగా కింద పెట్టేయండి.

మైదానంలో ఫోను ఏ గంటలోనైనా పనిచేయకుండా పోవచ్చు, లక్షల మంది ఒకేసారి వీడియో పంపుతుంటారు. అందుకే లోపలికి వెళ్లగానే కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి: సెక్టారు నంబరు బోర్డు, లైటు స్తంభం. ‘ఆ పెద్ద జెండా దగ్గర’ అనుకుంటే ఆ జెండా అరగంటలో ఇంకోచోట ఉంటుంది. ఎవరూ ఒంటరిగా కదలొద్దు, మరుగుదొడ్డికి కూడా ఇద్దరిద్దరే. బృందం ముందు ఒకరు, చివర ఒకరు, ప్రతి కదలికకు ముందు లెక్క. పోపుగారి వాహనం వెళ్లే దారి కంచె పక్కన పడక వేయకండి. అది రాగానే వెనకనుంచి తోపు మొదలవుతుంది.

2022 అక్టోబరు 29న సియోల్‌లోనే ఇటేవాన్ సందులో తొక్కిసలాటకు 159 మంది బలయ్యారు. చదరపు మీటరుకు ఐదుగురిని మించితే జనం మనుషుల్లా కాక అలలా కదులుతారు, మీ కాలు మీ మాట వినదు. భుజాలు రెండువైపులా తగులుతున్నాయంటే అప్పుడే పక్కకు తప్పుకోవాలి. ఇరుక్కుపోతే చేతులు మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి, ఊపిరికి జాగా ఉంటుంది. ఎదురు తోయకుండా, కదలిక ఆగినప్పుడల్లా ఏటవాలుగా అంచు వైపు జరగండి. ఫోను పడిపోతే వంగొద్దు, పోతే పోయింది.

ముగింపు దీవెన కాగానే లేవకండి. కనీసం గంటన్నర కూర్చుని మిగిలిన తిండి తిని, చెత్త కవర్లో కట్టి, మెట్రో స్టేషన్ల దగ్గర తాకిడి తగ్గాక కదలండి. తిరుగు విమానం ఆదివారం రాత్రికి మాత్రం బుక్ చేయొద్దు, సోమవారం సాయంత్రమో మంగళవారమో చూసుకోండి.