తండాలో సాయంత్రం చదువు: తరగతి కాదు, స్థాయి చూడండి

మొదటి రోజు పాఠం వద్దు. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి చదివించండి: ఐదు అక్షరాలు, ఐదు చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, చివర చిన్న కథ. ఎక్కడ ఆగితే అదే ఆ బిడ్డ గుంపు. ఐదో తరగతి పిల్లాడు అక్షరాల దగ్గరే ఆగొచ్చు. అది అందరి ముందూ బయటపడితే మర్నాడు రాడు.

ఒకరి దగ్గర పదిహేను మందికి మించనీయకండి. రోజూ గంటన్నర చాలు.

అసలు చిక్కు గుణింతాల్లో ఉంది. 'క కా కి కీ' పాటలా అప్పజెప్పే పిల్లలకు విడిగా 'కొ' చూపిస్తే నోరు పెగలదు. అట్టముక్కల మీద రాసి కలిపేసి చూపండి. కలం–కాలం, పడి–పాడి లాంటి జంటలు పక్కపక్కన పెడితే తేడా కంటికి, చెవికి ఒకేసారి అందుతుంది. ఒత్తులు ఆఖరున. అమ్మ, అన్న, అత్త తెలిసిన మాటలే అయినా మ, న, త ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు. ఒక్కో ఒత్తుకు రెండు రోజులివ్వండి.

లంబాడీ పిల్లల ఇంటి భాష గోర్‌బోలి. పదం చదివించే ముందు దాని అర్థం ఆ భాషలో చెప్పించండి. అర్థం తెలియని పదాన్ని బట్టీపడతారే తప్ప చదవరు.

మూడు వారాలకోసారి మళ్లీ చదివించి గుంపులు మార్చండి.