నోటిఫికేషన్ నుంచి హాల్‌టికెట్ దాకా: యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో దివ్యాంగ విద్యార్థికి అడ్డుపడేవి, సరిచేసే దారులు

హైదరాబాద్‌లో డిగ్రీ, పీజీ చదివేవాళ్లకు యూనివర్సిటీ వెబ్‌సైట్‌తో ముఖ్యంగా నాలుగు పనులు పడతాయి. నోటిఫికేషన్ చదవాలి, పరీక్ష ఫీజు కట్టాలి, హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసుకోవాలి, రిజల్ట్ చూసుకోవాలి. చూపులేని విద్యార్థికి ఇవి సొంతంగా చేసుకునే వీలు లేకపోతే విద్యానగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లాలి. పాస్‌వర్డ్, పుట్టిన తేదీ, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అన్నీ ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాలి. ఇది భద్రతకీ ఆత్మగౌరవానికీ సంబంధించిన విషయం. అందుకే హోమ్ పేజీ మెరుగులు తర్వాత చూసుకోవచ్చు, మరమ్మతు ఈ నాలుగు పనుల దగ్గరే మొదలవ్వాలంటాను.

పరీక్షించి చూడటానికి ఖర్చేమీ లేదు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ని స్క్రీన్ రీడర్ అంటారు. విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ముందే ఉంటుంది.

సమస్య: సర్క్యులర్ తెరిస్తే స్క్రీన్ రీడర్ ఏమీ చదవడం లేదు

కారణం: అది ఫొటో. ఆఫీసులో కంప్యూటర్ మీద టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టించి, ముద్ర వేయించి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టారు. మన కంటికి అక్షరాలు కనిపిస్తాయి కానీ ఫైల్‌లో ఒక్క అక్షరమూ లేదు.

పరిష్కారం: టైపు చేసిన అసలు ఫైల్ ఎలాగూ ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉంటుంది. అందులోని మొత్తం విషయాన్ని వెబ్ పేజీలో మామూలు అక్షరాలుగా పెట్టండి. సంతకం ఉన్న స్కాన్ కాపీ కావాలంటే దాని కిందే లింకుగా ఇవ్వండి. పీడీఎఫ్ తప్పనిసరైతే వర్డ్ నుంచి నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేయండి, ఆప్షన్లలో యాక్సెసిబిలిటీ ట్యాగులు (ఏది శీర్షికో, ఏది పేరానో స్క్రీన్ రీడర్‌కి చెప్పే గుర్తులు) ఉండేలా చూడండి. శీర్షికలకు వర్డ్‌లోని హెడింగ్ స్టైల్ వాడాలి. అక్షరాల సైజు పెంచి బోల్డ్ చేసినంత మాత్రాన స్క్రీన్ రీడర్‌కి అది శీర్షిక అని తెలియదు. పాత స్కాన్ ఫైళ్లకు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి టైపు అక్షరాలుగా మార్చే పద్ధతి) ఉంది, టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు కూడా గుర్తిస్తుంది. అయితే ఫీజు మొత్తం, చివరి తేదీ మనిషి సరిచూడకుండా మాత్రం పెట్టకండి. అంకె తప్పితే విద్యార్థికి ఆ సెమిస్టరే పోవచ్చు.

సమస్య: తెలుగు సర్క్యులర్‌ని చదువుతోంది గానీ ఒక్క ముక్కా అర్థం కావడం లేదు

ఇది మన దగ్గర ప్రత్యేకంగా కనిపించే సమస్య. ఇంగ్లీషులో వచ్చే గైడ్లు దీని ఊసే ఎత్తవు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కారణం: డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, అను ఫాంట్స్ వాడుతున్నారు. ఆ ఫాంట్లలో తెర మీద కనిపించేది తెలుగు అక్షరం, ఫైల్‌లో దాగి ఉండేది ఇంగ్లీషు అక్షరమో ఏదో గుర్తో. స్క్రీన్ రీడర్ ఆ దాగి ఉన్నదాన్నే చదువుతుంది. పరీక్ష సులభం: ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. గజిబిజి గుర్తులు వస్తే ఇదే రోగం.

పరిష్కారం: యూనికోడ్, అంటే ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే అంతర్జాతీయ పద్ధతి. అందులో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. పాత ఫైళ్లను మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు, పొల్లులు ఒకసారి చూసుకోవాలి. కొత్తవి మొదటి నుంచే యూనికోడ్‌లో టైపు చేయించండి. అందమైన ఫాంట్లు లేవన్న మాట ఇప్పుడు చెల్లదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి.

ఇంకో మెలిక ఉంది. యూనికోడ్‌లో టైపు చేసినా, పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు సంయుక్తాక్షరాలు చెదిరిపోవచ్చు. కాబట్టి పీడీఎఫ్ తయారయ్యాక కూడా అదే నోట్‌ప్యాడ్ పరీక్ష చేయండి. తెలుగు విషయానికి పీడీఎఫ్ కన్నా వెబ్ పేజీయే నమ్మకమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఆ పేజీ కోడ్‌లో భాష తెలుగు అని ‘ల్యాంగ్’ యాట్రిబ్యూట్‌తో తెలపాలి. పేజీ మొత్తం ఇంగ్లీషని రాసి ఉంటే ఇంగ్లీషు గొంతు తెలుగు భాగాన్ని వదిలేసి పోవచ్చు.

సమస్య: ఫీజు ఫారంలో ఏ గడిలో ఏం నింపాలో తెలియడం లేదు

కారణం: గడి పక్కన ‘హాల్‌టికెట్ నంబరు’ అని కనిపిస్తున్నా, ఆ మాటకీ గడికీ కోడ్‌లో ముడి లేదు. స్క్రీన్ రీడర్ ప్రతి గడి దగ్గరా ‘ఎడిట్, బ్లాంక్’ అని ఊరుకుంటుంది. తప్పు నింపితే గడి ఎర్రబడుతుంది, అంతే. రంగులు గుర్తుపట్టలేనివారికి కూడా అది అందదు.

పరిష్కారం: ప్రతి గడికీ లేబుల్ ట్యాగ్ కట్టండి. తప్పు ఏమిటో, ఎలా దిద్దాలో మాటల్లో రాసి, ఆ మాటను గడికి జోడించండి. తేదీకి క్యాలెండర్ ఒక్కటే పెట్టకుండా, టైపు చేసే వీలూ ఇవ్వండి.

సమస్య: క్యాప్చా దాటలేకపోతున్నారు, దాటేలోపు సెషన్ అయిపోతోంది

కారణం: మనిషో యంత్రమో తేల్చుకోవడానికి పెట్టే వంకర అక్షరాల బొమ్మ (అదే క్యాప్చా), దానికి తోడు తక్కువ గడువు. చేతులు వణికేవారికీ, నోటితో పట్టిన కర్రతో టైపు చేసేవారికీ ఈ గడువే పెద్ద అడ్డు.

పరిష్కారం: లాగిన్‌కి ఓటీపీ ఉన్నప్పుడు క్యాప్చా ఎందుకన్నది ముందు అడగండి. బాట్‌లను, అంటే మనిషిలా నటించే ప్రోగ్రాములను, సర్వర్ దగ్గరే ఆపే పద్ధతులు ఉన్నాయి. గడువు ముగిసే ముందు హెచ్చరించి, ఒక్క బటన్‌తో పొడిగించుకునేలా చేయండి. వెబ్‌సైట్లు దివ్యాంగులకు అందేలా ఉండటానికి పాటించే అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ ప్రకారం, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి.

సమస్య: మౌస్ లేకుండా మెనూ తెరుచుకోదు

మౌస్ పైకి తెస్తేనే తెరుచుకునేలా రాయడం కారణం. మెనూని బటన్‌గా రాయించి, ట్యాబ్, ఎంటర్, ఎస్కేప్ కీలతో నడిచేలా చేయండి. ట్యాబ్ ఎక్కడుందో చూపించే గీతను అందం కోసం తీసేయకండి.

సమస్య: అక్షరాలు మసకగా ఉన్నాయి, వార్తలు పరుగెడుతున్నాయి

మామూలు అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. తెల్లటి నేల మీద పసుపు అక్షరాలు ఆ లెక్కకు అందవు. అయిదు సెకన్లు దాటి కదిలే స్క్రోలింగ్‌కి ఆపే బటన్ ఉండాలి. సెకనుకు మూడుసార్లకు మించి తళుక్కుమనేవి మూర్ఛ ఉన్నవారికి ప్రమాదం కాబట్టి తీసేయండి.

సమస్య: వీడియో పాఠం వినపడనివారికి అందడం లేదు

యూట్యూబ్ తనంతట తాను వేసే క్యాప్షన్లతో సరిపెట్టకండి. సూత్రాలు, పేర్లు, కలగలిసిన తెలుగు-ఇంగ్లీషు అక్కడే దారి తప్పుతాయి. దిద్దిన క్యాప్షన్లు పెట్టండి, ముఖ్య ప్రకటనలకు సంజ్ఞా భాష వీడియో జోడించండి.

సమస్య: యాక్సెసిబిలిటీ బొమ్మ పెట్టాం, అయినా ఫిర్యాదులు ఆగడం లేదు

కారణం: మూలన కనిపించే ఆ విడ్జెట్ అక్షరాలు పెద్దవి చేస్తుంది, రంగులు మారుస్తుంది. స్కాన్ పీడీఎఫ్‌ని, లేబుల్ లేని గడిని అది బాగు చేయలేదు. సైట్‌ని తమంతట తామే పరీక్షించే లైట్‌హౌస్, వేవ్ లాంటి సాధనాలు పట్టేవి కూడా కొన్ని లోపాలే.

పరిష్కారం: పైన చెప్పినవి చేయడమే. దీనికి చట్టం అండ కూడా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ డిజిటల్ సమాచారం గురించే. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, సౌలభ్య ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి కావాలని చెప్పింది.

సమస్య: బాగుచేసిన కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తోంది

కారణం: సైట్ రాసే కాంట్రాక్టర్ వేరు, రోజూ సర్క్యులర్లు ఎక్కించే ఎగ్జామినేషన్ బ్రాంచ్ సిబ్బంది వేరు. శిక్షణ ఇస్తే మొదటివాళ్లకే ఇస్తారు.

పరిష్కారం: అప్‌లోడ్ చేసే ప్రతి ఒక్కరికీ నోట్‌ప్యాడ్ పరీక్ష నేర్పండి. టెండర్‌లో డిజిటల్ సౌలభ్యానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 17802ను షరతుగా రాయండి. కొత్త సైట్ వచ్చినప్పుడు దివ్యాంగ విద్యార్థులను పిలిచి, వాళ్ల సమయానికి డబ్బు చెల్లించి, మొదట చెప్పిన నాలుగు పనులూ చేయించి చూడండి. వాళ్లు ఎవరి సాయమూ లేకుండా పూర్తి చేశాకే కాంట్రాక్టర్ చివరి బిల్లు మీద సంతకం పెట్టండి.