పాత బీగం బాగుచేద్దాం – 3వ పాఠం: కొలతలు రాసుకుని బజారుకెళ్దాం

పోయిన పాఠంలో బీగాన్ని తలుపులోంచి ఊడదీయడం వరకూ వచ్చాం. ఇప్పుడది మీ ముందు పాత పేపరు మీద ఉందనుకుంటాను. ఈసారి దాన్ని విప్పి, చెడింది ఏ ముక్కో తేల్చుకుని, ఆ ముక్కను వెతకడానికి పనికొచ్చే కొలతలు తీసుకుందాం. (తాళం అనేవాళ్ళు అననీ, మా చిత్తూరు వైపు అది బీగమే. పాఠమంతా ఆ మాటే వాడతాను.)

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. చిత్తూరులో మా అవ్వ ఇంటి టేకు తలుపుకు మార్టిస్ లాక్ ఉండేది. అంటే తలుపు మందంలో గూడు తొలిచి లోపలికి దించే రకం. ఒకరోజు దాని హ్యాండిల్ వేలాడిపోయింది. నేను కంపెనీ పేరొక్కటే నోట పెట్టుకుని మూడు షాపులు తిరిగాను. మూడో షాపాయన "ఆ సామాన్లు యాడ దొరకతాయి నా ఇప్పుడు, కొత్తది ఎత్తుకోని పో" అన్నాడు. ఎత్తుకొచ్చాను. కొత్త బీగం పెట్టె అరంగుళం లోతు ఎక్కువ. వడ్రంగిని పిలిచి తలుపు మళ్ళీ తొలిపించాల్సొచ్చింది. బీగంచెవి దూరే రంధ్రం పాతచోట పడక, పాత రంధ్రంలోంచి చాలా రోజులు వీధి కనబడేది. తర్వాత పాత బీగం విప్పి చూస్తే విరిగింది చిటికెన వేలి గోరంత స్ప్రింగు.

కాబట్టి విప్పే ముందే జబ్బు ఏమిటో ఊహించండి. హ్యాండిల్ కిందికి వేలాడుతూ, ఏటవాలు నాలుక లోపలికి పోయి బయటికి రాకపోతే స్ప్రింగు పోయినట్టు. హ్యాండిల్ తిరుగుతున్నా నాలుక కదలకపోతే స్పిండిల్, అంటే రెండు హ్యాండిళ్ళను కలిపే చదరపు కమ్మీ అరిగుండాలి, లేదా అది దూరే ముక్క రంధ్రం అరిగి గుండ్రబడి ఉండాలి. బీగంచెవి తిరుగుతున్నా గడియ రాకపోతే లోపలి లీవర్లు, అంటే చెవి తిప్పితే లేచే పలుచని రేకులు చూడాలి. తలుపు తెరిచి ఉన్నప్పుడు అన్నీ చక్కగా పనిచేసి, మూస్తేనే మొరాయిస్తుంటే బీగం జోలికి వెళ్ళకండి. తప్పు చట్రం మీది స్ట్రైక్ ప్లేటుది (నాలుక దూరే రంధ్రమున్న రేకు), లేదా ఉబ్బిన చెక్కది. 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు మా ఇంట్లో రెండు తలుపులు ఇలాగే బిగుసుకున్నాయి. ఆరాక వాటంతటవే సర్దుకున్నాయి.

ఇక విప్పడం. బీగాన్ని బల్ల మీద పడుకోబెట్టి పక్క రేకు మరలు తీయండి. రేకు ఎత్తేటప్పుడు ఒక గుడ్డ కప్పి, దాని కింద చేతులు పెట్టి ఎత్తండి. లేకపోతే స్ప్రింగు ఎగిరి బీరువా కిందికి పోతుంది, ఇక సాయంత్రం దాకా వెతుకులాటే. రేకు లేచిన మరుక్షణం ఏదీ ముట్టుకోకుండా ఫోన్‌తో రెండు ఫోటోలు తీయండి. లీవర్లు తీసేటప్పుడు ఒక్కోదాని మీద మార్కర్‌తో 1, 2, 3 అని వేసుకోండి. వరుస తప్పితే మీ బీగంచెవి ఇక తిరగదు.

కొలతలకు స్టీలు స్కేలు చాలు, వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) ఉంటే మరీ మంచిది. మొదటిది, తలుపు అంచున కనబడే పట్టీ పొడవు, వెడల్పు. రెండోది, ఆ పట్టీ నుంచి చెవి రంధ్రం నడిమి వరకు దూరం. ఇదే అన్నిటికంటే ముఖ్యం, మా అవ్వ ఇంట్లో నేను తీసుకోనిదీ ఇదే. మూడోది, స్పిండిల్ రంధ్రం నడిమి నుంచి చెవి రంధ్రం నడిమికి ఎంతో చూడాలి. నాలుగోది స్పిండిల్ మందం. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా 8 మి.మీ. పాతవాటిలో 5/16 అంగుళం కూడా ఉంటుంది. అది 7.94 మి.మీ., కాబట్టి రెండూ దాదాపు ఒకటే. పాత బీగాలు అంగుళాల్లో చేసినవని మరిచిపోకండి, 1 అంగుళం అంటే 25.4 మి.మీ. స్కేలు మీద 63 కి, 64 కి మధ్య ఆగితే అది రెండున్నర అంగుళాలు, మీ చూపు తప్పు కాదు. పట్టీ మీద కాగితం పరిచి పెన్సిలు రుద్దితే మరల చోట్లు కూడా అచ్చు పడతాయి. ఆ కాగితం జేబులో పెట్టుకోండి.

స్ప్రింగుకైతే తీగ మందం, చుట్టు వెడల్పు, ఎన్ని చుట్లు అనేవి రాసుకుంటే చాలు. ఆ మూడూ కుదిరితే అది ఏ కంపెనీ స్ప్రింగో ఎవరికీ పట్టదు. విరిగిన ముక్కలు పారేయకండి, షాపాయనకు చూపించాల్సింది అవే.

ఎక్కడ వెతకాలి? కొత్త హార్డ్‌వేర్ షాపుకు చివర వెళ్ళండి. మొదట డూప్లికేట్ బీగంచెవులు చేసేవాళ్ళ దగ్గరికి పోండి. వాళ్ళ డబ్బాలో పనికిరాని బీగాలు పడి ఉంటాయి, వాటిలో మీకు కావలసిన ముక్క బాగానే ఉండొచ్చు. తర్వాత పాత ఇళ్ళు పడగొట్టిన సామాన్లు అమ్మే కొట్లు. తిరుపతిలో ఇంకో సౌకర్యం ఉంది, లాడ్జీలు. గదులన్నిటికీ ఒకే రకం బీగాలుంటాయి, మార్చినప్పుడు పాతవన్నీ మూటగట్టి ఒకేసారి అమ్మేస్తారు. అలాంటి మూట కంటబడితే మీ కాగితం తీసి ఒక్కోటి పక్కన పెట్టి చూడండి. పూర్తిగా పాడైన బీగం కూడా స్ప్రింగు కోసం కొనుక్కోవచ్చు, బేరం మాత్రం మానకండి.

స్పిండిల్ రంధ్రం కొంచెమే అరిగితే కొనడం దేనికి? నూనె డబ్బా రేకు సన్నగా కత్తిరించి కమ్మీకి చుట్టి దూర్చండి, వదులు పోతుంది. మరీ గుండ్రబడితే ఆ రంధ్రమున్న ఇత్తడి ముక్కను లేత్ షాపులో చూపించి కొత్తది చేయించుకోవచ్చు.

వచ్చే పాఠంలో లీవర్ల తుప్పు వదిలించి, మళ్ళీ వరుసలో కూర్చుదాం. అప్పటిదాకా కొబ్బరినూనె మాత్రం పోయకండి, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. మీ బీగం నాలుగు కొలతలూ, స్ప్రింగు లెక్కా ఒక కాగితం మీద రాసి, విడిభాగాలతో పాటు మూత ఉన్న డబ్బాలో వేసి ఉంచండి.