ధోల్ పూరీ చిరగకుండా రావాలంటే

పూరీ అన్నారని మూకుడు పెట్టకండి. మారిషస్ ధోల్ పూరీని పెనం మీదే కాలుస్తారు. బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి. 1834 నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్లిన భోజ్‌పురీ వాళ్ల రొట్టె ఇది. కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్ల వారసులూ ఆ దీవిలో ఉన్నారు.

పదహారింటికి పచ్చిశనగపప్పు పావుకిలో, మైదా అరకిలో, పసుపు అర చెంచా, వేయించి దంచిన జీలకర్ర రెండు చెంచాలు, ఉప్పు, నూనె చాలు. గోధుమపిండి వద్దు, అంత పల్చగా సాగదు.

రెండు గంటలు నానిన పప్పును పసుపేసి గిన్నెలో ఉడికించండి. కుక్కర్ ముట్టుకోవద్దు. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. పావుగంట దాటాక రెండు నిమిషాలకోసారి ఒక బద్ద నలిపి చూడండి. పొడిగా విరగాలి. వేలికి అంటుకుందా, అది ఇక పప్పుచారుకే. పలుకు మిగిలితే వత్తేటప్పుడు పిండిని పొడుస్తుంది.

కట్టు వార్చి దాచుకోండి. పప్పును బట్ట మీద పరిచి ఫ్యాను కింద గంటసేపు పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిమీద మిక్సీలో వేస్తే ఆవిరికి ముద్దవుతుంది. చల్లారాక కొంచెం కొంచెంగా, ఆపి ఆపి తిప్పి, జీలకర్ర, ఉప్పు కలిపి జల్లించండి. గుప్పెట పట్టి వదిలితే రాలిపోవాలి. బొబ్బట్ల పూర్ణంలా ఉండ కట్టిందంటే తడి ఉన్నట్టే. పొడి అయితే కర్రతో పాటు పరుచుకుంటుంది. ముద్ద కదలదు, పైపొర పగులుతుంది. అలా అయితే సన్నసెగ మీద నాలుగైదు నిమిషాలు కలుపుతూ ఆరబెట్టి చల్లార్చండి.

చల్లారిన కట్టు సుమారు 300 మి.లీ., మూడు పెద్ద చెంచాల నూనె, కాస్త ఉప్పుతో మైదాను చపాతీ పిండికన్నా మెత్తగా తడిపి అరగంట నాననివ్వండి. ఉత్త నీళ్లతో తడిపితే ఆ పచ్చని రంగూ రాదు, రుచీ రాదు. ఒక్కో ఉండలో రెండు పెద్ద చెంచాల పొడి కూరి, మూతి బిగించి, పది నిమిషాలాగి, మూతి కిందికి పెట్టి పొడిపిండితో వత్తండి. లోపలి పప్పు పచ్చగా కనిపించాలి.

నూనె రాసిన పెనం మీద ఒక్కో వైపు అరనిమిషం. ఎర్రబడకముందే తీసి బట్టలో చుట్టండి.

మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్ వీధుల్లో జతగానే ఇస్తారు. లోపల పెద్ద చిక్కుడు గింజల కూర, మిరపకాయ ముద్ద, అక్కడి క్రియోల్ వాళ్ల (ఆఫ్రికా మూలాలున్నవాళ్ల) రుగాయ్, అంటే చిక్కటి టమాటా కూర, ఉంటాయి. రుగాయ్‌లో థైమ్ అనే సువాసన ఆకు తప్పనిసరి. అది దొరకలేదని వామాకు వేయకండి, ఘాటుకి టమాటా రుచి పోతుంది.